తొలి టాకీల కాలంలో నేర చిత్రం: కరీంనగర్ నుంచి బొంబాయి దాకా

నేరం చేసినవాడు, వాణ్ణి వెంటాడేవాడు, ఇద్దరి మధ్యా ఇరుక్కున్న అమాయకుడు: ఈ ముగ్గురి చుట్టూ అల్లిన సినిమాను తెలుగులో క్రైమ్ అనీ, సస్పెన్సు అనీ, అపరాధ పరిశోధన అనీ రకరకాలుగా పిలుస్తున్నాం. సినిమాకు మాటలొచ్చిన తొలి పదిహేనేళ్లలోనే ఈ కోవ చిత్రం ప్రపంచమంతటా నిలదొక్కుకుంది. తెలుగు నేలకు సంబంధించినంతవరకు దాని చరిత్ర తెలుగులో మొదలు కాదు. బొంబాయిలో, హిందుస్తానీ భాషలో మొదలవుతుంది. ఆ చరిత్రలో తెలుగు నేల మీద పుట్టినవారు ఇద్దరు కనిపిస్తారు. ఒకరు కరీంనగర్‌లో పుట్టిన పైడి జైరాజ్ (1909–2000), మరొకరు వాల్తేరులో పుట్టిన దేవికా రాణి (1908–1994). దేవికా రాణిది బెంగాలీ కుటుంబం. జైరాజ్ తెలుగువాడే. ఉత్తర తెలంగాణ నుంచి తొలి టాకీల తెర మీదికి వెళ్లిన కథానాయకుడిగా ఆయన పేరు ఈ వ్యాసానికి ఇరుసు.

మాట వచ్చాక మారిన నేరం

మొదటినుంచి చివరిదాకా పాత్రలు మాట్లాడిన తొలి పూర్తినిడివి చిత్రం 1928లో అమెరికాలో వార్నర్ సంస్థ తీసిన 'లైట్స్ ఆఫ్ న్యూయార్క్'. అది గంట కూడా నిండని గూండాల కథ. అంటే టాకీ పుట్టుకే నేర కథతో జరిగింది. మరుసటి ఏడాది ఇంగ్లండులో హిచ్‌కాక్ 'బ్లాక్‌మెయిల్' తీశాడు. మూకీగా మొదలుపెట్టి, మధ్యలో ధ్వని పరికరాలు రావడంతో చాలా భాగం మళ్లీ చిత్రించాడు. ఆత్మరక్షణలో ఒకణ్ణి కత్తితో పొడిచి ఇంటికొచ్చిన అమ్మాయి ఉదయం ఫలహారానికి కూర్చుంటుంది. పొరుగామె ఆ హత్య గురించి వాగుతూనే ఉంటుంది. మాటలన్నీ క్రమంగా మసకబారి, 'కత్తి' అన్న ఒక్క మాటే స్పష్టంగా గుచ్చుకుంటుంది. రొట్టె కోయబోతున్న అమ్మాయి చెయ్యి అదిరి కత్తి ఎగిరిపడుతుంది. మూకీ సినిమా ఎంత గొప్పదైనా చేయలేని పని అది.

1931లో ఫ్రిట్జ్ లాంగ్ జర్మనీలో తీసిన 'ఎం' ఇంకా ముందుకు వెళ్లింది. పిల్లల్ని చంపే హంతకుడు ఈల వేస్తుంటాడు. మనకు ముఖం కనపడకముందే ఆ ఈల వినపడుతుంది. చివరకు అతణ్ణి గుర్తుపట్టేది గుడ్డివాడైన బుడగలమ్మి, ఆ ఈల విని. చూపులేనివాడే సాక్షి కావడం టాకీ వచ్చాకే కుదిరింది. అదే ఏడాది అమెరికాలో 'లిటిల్ సీజర్', 'ది పబ్లిక్ ఎనిమీ' తుపాకుల మోతను, టైర్ల కీచుమంటలను హాళ్లలోకి తెచ్చాయి.

తెలుగు టాకీ ఆ దారి పట్టకపోవడం

మన తొలి టాకీలు వేరే అవసరంలోంచి వచ్చాయి. 1931 మార్చి 14న బొంబాయి మెజెస్టిక్‌లో విడుదలైన 'ఆలం ఆరా' రాజకుటుంబపు కథ. హెచ్.ఎం.రెడ్డి తీసిన 'భక్త ప్రహ్లాద' (1932) సురభి నాటక సమాజపు బలంతో తెరకెక్కింది. తెలుగు ప్రేక్షకుడు టాకీకి వెళ్లింది కథలో తరువాత ఏం జరుగుతుందోనన్న ఆదుర్దాతో కాదు. ప్రహ్లాదుడికి ఏమవుతుందో అందరికీ తెలుసు. పద్యం ఎలా ఎత్తుకుంటారో, రాగం ఎలా సాగదీస్తారో వినడానికే వెళ్లాడు. తెలిసిన కథను మళ్లీ వినడంలో ఉన్న ఆనందం ఒకటి, తెలియని కథకు ఊపిరి బిగబట్టడంలో ఉన్న ఆనందం ఇంకొకటి. మొదటి పదేళ్లు తెలుగు టాకీ మొదటిదానికే కట్టుబడింది.

సాంఘికాలు వచ్చినా నేరం పక్కవాటుగానే ఉండిపోయింది. 1938లో హెచ్.ఎం.రెడ్డి రోహిణీ సంస్థ తరఫున తీసిన 'గృహలక్ష్మి'కి మూలం సోమరాజు రామానుజరావు నాటకం 'రంగూన్ రౌడీ'. నాటకం పేరులో రౌడీ ఉన్నాడు. సినిమా పేరులో ఇల్లాలు వచ్చింది. కన్నాంబ, కాంచనమాల నటించిన, చిత్తూరు నాగయ్యను తెరకు పరిచయం చేసిన ఆ చిత్రం మంచి చిత్రమే. కానీ ఆ పేరు మార్పులోనే నాటి తెలుగు సాంఘికం దేన్ని కేంద్రంగా పెట్టుకుందో తెలుస్తుంది.

నిజాం రాజ్యంలో ఉర్దూ, రైలు, డేరా

కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల సంగతి వేరు. అవి మద్రాసు వైపు చూసిన ప్రాంతాలు కావు. హైదరాబాద్ రాజ్యంలో భాగం. 1922లో ధీరేన్ గంగూలీ హైదరాబాద్‌లో లోటస్ ఫిలిం కంపెనీ పెట్టి మూకీలు తీశాడు. ముస్లిం రాణికీ హిందువుకీ మధ్య ప్రేమ చూపిన 'రజియా బేగం' ప్రదర్శనతో నిజాం ప్రభుత్వం ఆగ్రహించి ఆయన్ని రాజ్యం విడిచిపొమ్మంది. ఆ దెబ్బతో హైదరాబాద్‌లో చిత్ర నిర్మాణం మొలకలోనే ఆగిపోయింది. తెర మీద పనిచేయాలన్న తెలంగాణ యువకుడికి ఆ తరువాత మిగిలిన దారి బొంబాయి.

ఆ దారిలో భాష అడ్డం కాలేదు. బడి చదువు ఉర్దూలో. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో మొదలైందే ఉర్దూ మాధ్యమంతో. దీనికంటే నేను ముఖ్యమనుకునేది ఇంకొకటుంది. ఇక్కడ నేరానికి సంబంధించిన మాటలన్నీ అప్పటికే ఉర్దూ మాటలు. ఠాణా, అమీను, జవాను, ముల్జిం, గవాహి, జమానతు, సజా. అక్షరం ముక్క రాని రైతుకు కూడా ఈ మాటలు తెలుసు, ఎందుకంటే కచేరీ ముందు నిలబడ్డ రోజున అవే వినాలి, వాటికే జవాబు చెప్పాలి. బొంబాయి టాకీలో వకీలు గవాహిని పిలిచినప్పుడు, జడ్జి సజా చెప్పినప్పుడు మంథని మనిషికీ, నిర్మల్ మనిషికీ అనువాదం అక్కర్లేదు. బెజవాడలో పరాయిగా వినిపించే సంభాషణ ఇక్కడ ఒళ్లు జలదరించేంత దగ్గరిది.

రైలు కూడా అప్పుడే వచ్చింది. 1929లో కాజీపేట–బల్లార్షా మార్గం పూర్తయి, పెద్దపల్లి, రామగుండం, మంచిర్యాల, బెల్లంపల్లి, సిర్పూర్ మీదుగా మద్రాసు, ఢిల్లీ కలిశాయి. కరీంనగర్ పట్టణానికి మాత్రం అప్పటికి రైలు లేదు. పెద్దపల్లి వెళ్లి ఎక్కాల్సి వచ్చేది.

చిన్న ఊళ్లలో సినిమా అంటే టూరింగ్ టాకీసు, అంటే డేరా. కరెంటు లేనిచోట ఇంజను తిరుగుతుండాలి. ఒక్కటే ప్రొజెక్టరు ఉన్న డేరాలో వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాల్లో అయిపోతుంది. దీపాలు వెలుగుతాయి. తరువాతి రీలు ఎక్కించేదాకా జనం గోల. పురాణ చిత్రానికి ఈ ఆటంకం పెద్ద లెక్క కాదు. హంతకుడు తలుపు తోసిన క్షణంలో రీలు అయిపోతే మాత్రం డేరా అంతా పరిశోధకులే. ఎవరు చంపారో నేల మీద కూర్చున్నవాళ్లు తేల్చుకునే లోపు మళ్లీ చీకటి. సస్పెన్సు సినిమాకు ఇంటర్వెల్ ఎక్కడ పడాలన్న విద్యను మన దర్శకులు తరువాత నేర్చుకున్నారు. డేరా ప్రేక్షకుడు అంతకు ముందే అలవాటు పడ్డాడు.

పైడి జైరాజ్

పూర్తి పేరు పైడిపాటి జైరుల నాయుడు. 1909 సెప్టెంబరు 28న కరీంనగర్‌లో పుట్టాడు. సరోజినీ నాయుడు కుటుంబానికి బంధువు. హైదరాబాద్ నిజాం కళాశాలలో చదివాడు. 1929 ప్రాంతంలో బొంబాయి చేరాడు.

తెర మీదికి ఆయన వచ్చింది నటుడిగా కంటే శరీరంగా. మూకీల చివరి రోజులవి. కథానాయకుడికి గుర్రపు స్వారీ, కత్తియుద్ధం రాకపోతే అవి వచ్చినవాణ్ణి డూపుగా పెట్టేవారు. జైరాజ్ ఆ పనే చేశాడు. 'జగ్‌మగాతీ జవానీ' (1929) ఆయన తొలి చిత్రం. మరుసటి ఏడాదే 'రసీలీ రాణీ'లో కథానాయకుడయ్యాడు. డూపు నుంచి హీరో కావడానికి ఏడాది చాలింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. దూరం నుంచి తీసిన షాట్‌లో గుర్రం మీద దూసుకుపోయే మనిషి జైరాజ్. దగ్గరి షాట్‌లో కనిపించే ముఖం ఇంకొకరిది. హాల్లో చప్పట్లు ఆ ముఖానికి. సాహస చిత్రమైనా, నేర చిత్రమైనా ఆ రోజుల్లో నిలబడింది ఇలాంటి ముఖం లేని దేహాల మీదే. వాళ్లలో చాలామంది పేర్లు ఎక్కడా నమోదు కాలేదు. ఒక్క జైరాజ్ ముఖం దగ్గరి షాట్‌లోకి రాగలిగింది.

1932లో 'షికారీ'తో ఆయన టాకీల్లోకి అడుగుపెట్టాడు. మాట రాగానే మూకీ తారల్లో చాలామంది ఉచ్చారణ కుదరక వెనకబడ్డారు. హైదరాబాద్ చదువు ఉర్దూ జైరాజ్‌ను నిలబెట్టింది. కండబలం తెచ్చిన అవకాశాన్ని నాలుక కాపాడింది.

రైల్లో హత్య: జవానీ కీ హవా

1935లో వచ్చిన 'జవానీ కీ హవా' హిందీలో తొలి నేర టాకీలలో ఒకటి. మలాడ్‌లో హిమాంశు రాయ్ నెలకొల్పిన బాంబే టాకీస్ సంస్థకు ఇదే మొదటి చిత్రం. ఒక కొత్త స్టూడియో తన తొలి చిత్రంగా పురాణాన్నో, రాజుల కథనో కాక హత్య కథను ఎంచుకోవడం మామూలు ధైర్యం కాదు. జర్మనీ నుంచి వచ్చిన ఫ్రాంజ్ ఆస్టెన్ దర్శకత్వం, జోసెఫ్ విర్షింగ్ ఛాయాగ్రహణం. కథ నిరంజన్ పాల్‌ది. కథానాయిక దేవికా రాణి, కథానాయకుడు నజ్ముల్ హసన్.

కథలో కమల అనే అమ్మాయి పెళ్లినాడు ఇల్లు విడిచి తాను ప్రేమించినవాడితో రైలెక్కుతుంది. తండ్రి వెంటపడతాడు. రైల్లోనే ఆయన మరణం. నేరం ఎవరిదన్న ప్రశ్నకు, నాదే నాదే అంటూ ఒకరి తరువాత ఒకరు ముందుకు వస్తారు. మామూలుగా నేర కథలో అందరూ నేరాన్ని తోసేసుకుంటారు. ఇక్కడ ప్రేమ కోసం మీదేసుకుంటారు. పరువు, పెళ్లి, తండ్రి మాట అన్నవి ముప్పైల నాటి ఇంటింటి గొడవ. వాటిని హత్య కథలోకి ఎక్కించడం వల్లనే పడమటి నుంచి వచ్చిన రూపం మన ఇంటి కథ అయింది. రైలు పెట్టె అన్న ఎంపిక కూడా గొప్పది. ఇరుకు జాగా, బయటికి దారి లేదు, చక్రాల చప్పుడు ఆగదు.

ఈ చిత్రానికి సంగీతం కట్టింది సరస్వతీ దేవి. అసలు పేరు ఖోర్షెద్ హోంజీ, పార్సీ స్త్రీ. ఆమె చెల్లెలు చంద్రప్రభ పేరుతో నటించింది. తమ ఆడపిల్లలు సినిమాల్లోకి వెళ్లడమేమిటని పార్సీ సమాజంలో కొందరు పెద్ద ఎత్తున నిరసన తెలిపారు. హిమాంశు రాయ్ తగ్గలేదు. సరస్వతీ దేవి మరుసటి ఏడాదే 'అఛూత్ కన్య'కు కట్టిన బాణీలు దేశమంతా మోగాయి. హత్య కథ చెప్పిన సినిమాకు జనం అభ్యంతరం హత్య మీద కాక, హార్మోనియం ముందు కూర్చున్న స్త్రీ మీద వచ్చిందన్నది గుర్తుంచుకోదగిన విషయం.

జైరాజ్ ఈ చిత్రంలో లేడు. తరువాత ఇదే సంస్థలోకి వచ్చి 1938లో ఆస్టెన్ దర్శకత్వంలోనే 'భాభీ'లో కథానాయకుడయ్యాడు. 1943లో 'హమారీ బాత్'లో దేవికా రాణి సరసన నటించాడు. ఆమెకు అదే ఆఖరి చిత్రం. 1945లో దిలీప్ కుమార్ కథానాయకుడిగా 'ప్రతిమ'ను ఇక్కడే దర్శకుడిగా తీశాడు.

ముసుగు ఎందుకు వచ్చింది

బొంబాయి వాళ్లకు నిజమైన నేరాల మీద సినిమా తీయడం మూకీల్లోనే తెలుసు. కోహినూర్ సంస్థ చిత్రం 'కాలా నాగ్' (1924) నగరంలో జరిగిన హత్యను ఆధారం చేసుకుంది. 1925లో మలబార్ హిల్ మీద జరిగిన బావ్లా హత్య కేసు ఇందోర్ మహారాజు పదవినే కదిలించింది. ఆ ఏడాదే హోమీ మాస్టర్ దాని మీద 'కులీన్ కాంత' తీశాడు. అయితే సెన్సారు బోర్డులకు పెద్ద పోలీస్ కమిషనరే. పోలీసును, దొరతనాన్ని, ధనికుణ్ణి నేరుగా వేలెత్తి చూపడం కష్టం.

జైరాజ్‌కు ఇది సొంతంగా అనుభవమైంది. మోహన్ భవనానీ అజంతా సినీటోన్ కోసం తీసిన 'మిల్', మరో పేరు 'మజ్దూర్' (1934). రచన ప్రేమ్‌చంద్. ఆయన స్వయంగా ఒక చిన్న పాత్ర కూడా వేశాడు. జైరాజ్, బిబ్బో ప్రధాన పాత్రలు. మిల్లు యజమానికీ కూలీలకూ మధ్య పోరాటం చూపినందుకు బొంబాయిలో నిషేధించారు.

ఇలా ఎదురుదారి మూసుకుపోయినప్పుడు అన్యాయం మీద కోపం ముసుగు వేసుకుని వచ్చింది. ఇది నా అంచనా. కాలక్రమం దానికి బలమిస్తుంది. 1935లో వాడియా మూవీటోన్ 'హంటర్‌వాలీ'లో నాడియా ముసుగు కట్టి కొరడా పట్టింది. 1936లో అదే సంస్థ 'మిస్ ఫ్రాంటియర్ మెయిల్' తీసింది. హత్యానేరం మీదపడ్డ స్టేషన్ మాస్టరు, ఆయన్ని నిర్దోషిగా నిలబెట్టడానికి నడిచే రైలు మీదెక్కి పోరాడే కూతురు, ముఖం చూపించని ముఠా నాయకుడు. రైలు నేర చిత్రంగా దీని వేగం నేటికీ చూడదగ్గది. కొత్తగా రైలు కూత విన్న మంచిర్యాల, బెల్లంపల్లి లాంటి ఊళ్ల మనుషులకు రైలే హీరోగా నడిచిన ఇలాంటి చిత్రం ఎంత దగ్గరగా అనిపించేదో ఊహించవచ్చు.

1939లో ప్రకాశ్ పిక్చర్స్ తరఫున విజయ్ భట్ 'లెదర్‌ఫేస్' తీశాడు. మరో పేరు 'ఫర్జందే వతన్', అంటే దేశం బిడ్డ. పీడించే పాలనకు ఎదురు తిరిగే తోలు ముసుగు మనిషి జైరాజ్. కథానాయిక మెహతాబ్. చిన్న పాప పాత్రలో మొదటిసారి కెమెరా ముందుకు వచ్చిన మహ్జబీన్ తరువాత మీనాకుమారి అయింది. పదేళ్ల క్రితం ముఖం కనపడకుండా గుర్రమెక్కిన డూపు, ఇప్పుడు హీరోగా ఉండి మళ్లీ ముఖం కప్పుకున్నాడు. ఈసారి ఆ కప్పుకున్న ముఖం ఎవరిదో అందరికీ తెలుసు.

ఆ చిత్రం వచ్చిన మరుసటి ఏడాది, 1940లో, ఆదిలాబాద్ అడవుల్లో జోడేఘాట్ దగ్గర నిజాం పోలీసులు కొమరం భీంను కాల్చి చంపారు. సర్కారు కాగితాల్లో తిరుగుబాటుదారు, గోండు గూడేల్లో దేవుడు. తెర మీద ముసుగు మనిషికి ఈలలు కొట్టిన ప్రాంతంలోనే ముసుగు లేకుండా నిలబడ్డ మనిషి ఉన్నాడు. ఆయన కథ వెండితెర మీదికి రావడానికి చాలా దశాబ్దాలు పట్టింది.

దొంగే హీరో: కిస్మత్ నుంచి భలే రాముడు

1943లో బాంబే టాకీస్ 'కిస్మత్' విడుదల చేసింది. దర్శకుడు జ్ఞాన్ ముఖర్జీ. అశోక్ కుమార్ జేబుదొంగ. ముసుగు లేదు, రాజ్యం లేదు, నగరం వీధుల్లో సిగరెట్టు కాలుస్తూ తిరిగే మామూలు దొంగ. కలకత్తా రాక్సీలో మూడేళ్లకు పైగా ఆడింది. నేరాన్ని అందంగా చూపిందని 'ఫిలిమిండియా' సంపాదకుడు బాబూరావ్ పటేల్ తీవ్రంగా విమర్శించాడు. విమర్శలో నిజముంది. అయినా దొంగ లోపల తప్పిపోయిన కొడుకు ఉన్నాడని చెప్పి, నేరస్థుడికి ఒక ఇల్లు, ఒక బాల్యం ఇచ్చిన చిత్రమిదే. హిందీ, తెలుగు సినిమాలు తరువాత దశాబ్దాల పాటు ఈ బావిలో నీళ్లే తోడుకున్నాయి.

ఈ అశోక్ కుమార్ కూడా 'జవానీ కీ హవా' వల్ల వచ్చినవాడే అనవచ్చు. ఆ చిత్రం తరువాత నజ్ముల్ హసన్‌ను సంస్థ వదులుకుంది. ఆ ఖాళీలోకి లాబొరేటరీలో పనిచేస్తున్న కుర్రవాణ్ణి తెచ్చి నిలబెట్టారు.

'కిస్మత్' కథను తెలుగులోకి తెచ్చింది వేదాంతం రాఘవయ్య. 1956లో అక్కినేని నాగేశ్వరరావు, సావిత్రి జంటగా 'భలే రాముడు'. ఇరవయ్యేళ్ల క్రితం మలాడ్ స్టూడియోలో మొదలైన నేర కథ ఇలా తెలుగు మాట నేర్చుకుంది. పుస్తకాల వైపు చూస్తే కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్ పాఠకుల్ని తయారుచేశాడు. 1966లో కృష్ణ 'గూఢచారి 116'తో తెలుగు తెర మీద అపరాధ పరిశోధన సొంత కాళ్ల మీద నిలబడింది.

పోలీసు కుర్చీలో

స్వాతంత్ర్యం తరువాత జైరాజ్ ఎక్కువగా చారిత్రక పాత్రల్లో కనిపించాడు. పృథ్వీరాజ్, టిప్పు సుల్తాన్, హైదర్ అలీ, చంద్రశేఖర్ ఆజాద్. 1951లో నర్గిస్ కథానాయికగా 'సాగర్' తానే నిర్మించి దర్శకత్వం వహించాడు.

నేర చిత్రం మాత్రం ఆయన్ని వదల్లేదు. 1963లో మార్క్ రాబ్సన్ తీసిన 'నైన్ అవర్స్ టు రామా' గాంధీజీ హత్యకు ముందు తొమ్మిది గంటల్ని హంతకుడి వైపు నుంచి, పోలీసు వైపు నుంచి గడియారం ముల్లులా నడిపే చిత్రం. అందులో జైరాజ్ జి.డి.బిర్లా పాత్ర వేశాడు. ఆ చిత్రాన్ని భారత ప్రభుత్వం నిషేధించింది. 'మిల్' తరువాత ఆయన నటించిన మరో నిషిద్ధ చిత్రం. 1966లో ఎం.జి.ఎం. 'మాయ'లోనూ నటించాడు.

1975 ఆగస్టు 15న విడుదలైన 'షోలే'లో ఆయన పోలీస్ కమిషనర్. 1978లో 'డాన్'లో ఒక చిన్న పాత్ర. షోలే చూసినవారిలో చాలామంది ఆ నెరిసిన తల మనిషిని ఎవరో పెద్దాయన అనుకుని ముందుకు సాగిపోయి ఉంటారు. ముసుగు మనిషిగా పోలీసుల్ని పరుగెత్తించిన నటుడు ముప్పైఆరేళ్ల తరువాత వాళ్ల కుర్చీలో కూర్చున్నాడు.

దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం మొదటిసారి, 1969 సంవత్సరానికి, ఇచ్చింది దేవికా రాణికి. 1980 సంవత్సరానికి జైరాజ్‌కు వచ్చింది. 2000 ఆగస్టులో ముంబైలో ఆయన కన్నుమూశాడు. హైదరాబాద్ రవీంద్రభారతిలో చిన్న సినిమాలు, కొత్త దర్శకుల ప్రయత్నాలు వేసుకునే ప్రివ్యూ థియేటరుకు ఆయన పేరే పెట్టారు.